జరగని కాలానికి ఒక గీత

కాగితం మీద రెండు గీతలున్నాయి. ఒకటి నిండు గీత, ఇంకొకటి చుక్కల గీత. ఎడమ అంచున 1970 దగ్గర బయల్దేరి రెండూ భుజం భుజం ఆనించుకుని నడుస్తాయి. ఒకటి మెరక ఎక్కితే రెండోదీ ఎక్కుతుంది, ఒకటి పల్లం దిగితే రెండోదీ దిగుతుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి ఎడం వచ్చినా మళ్ళీ కలుసుకుంటాయి. 1988 దాకా ఇదే వరస. అక్కడ నిలువునా ఒక సన్నని గీత అడ్డం వస్తుంది. అది దాటాక నిండు గీత కిందికి జారిపోతుంది. చుక్కల గీత మాత్రం తన తోడు ఏమైపోయిందో ఎరగనట్టు, పాత నడకలోనే నిదానంగా సాగుతుంది. 2000 దగ్గరికి వచ్చేసరికి రెంటి మధ్యా వేలెడు తెల్లటి జాగా.

రామంతాపూర్‌లో మా ఇంటి వరండాలో, దీపాలు పెట్టే వేళ, ఈ బొమ్మను మొదటిసారి చూశాను. యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్న నా మేనకోడలు తార్నాక చౌరస్తాలో జిరాక్స్ తీయించుకుని వచ్చింది.

"మామయ్యా, కుడిపక్కంతా అరచేత్తో మూసి చూడు. రెండిట్లో ఒకటి నిజం రాష్ట్రం, ఇంకోటి కూర్చిన రాష్ట్రం. నడక చూసి ఏది ఏదో చెప్పగలవా?" అంది.

చెప్పలేకపోయాను. చెయ్యి తీశాను. గుండెలో ఏదో కదిలింది. ఏళ్ళ తరబడి పిల్లలకు ప్రబంధాలు చెప్పినవాణ్ణి. వియోగాన్ని ఎన్ని పద్యాల్లో చదివానో లెక్కలేదు. ఇంత తక్కువ సిరాతో దాన్ని చూపినవాళ్ళను అంతకుముందు చూడలేదు.

నిండు గీత అమెరికాలోని కాలిఫోర్నియా. ఏటా మనిషికి ఎన్ని సిగరెట్ పెట్టెలు అమ్ముడయ్యాయో చెబుతుంది. 1988 నవంబరులో అక్కడి ఓటర్లు ప్రొపొజిషన్ 99 అనే చట్టాన్ని గెలిపించారు. 1989 జనవరి నుంచి పెట్టెకు 25 సెంట్ల అదనపు పన్ను పడింది. ఆ డబ్బులో కొంత పొగ మాన్పించే ప్రచారానికి వెళ్ళింది. చుక్కల గీత ఆ చట్టం రాని కాలిఫోర్నియా. అలాంటి కాలిఫోర్నియా భూమ్మీద ఎక్కడా లేదు. లేనిదానికి ఇంత నిబ్బరంగా గీత ఎలా గీశారు? ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ పద్ధతి పేరు సింథటిక్ కంట్రోల్. సింథటిక్ అనగానే మనకు పాలిస్టర్ చీర మెదులుతుంది, నకిలీ అన్న వాసన కొడుతుంది. ఆ మాట పుట్టిన గ్రీకులో దానికి ఒకచోట చేర్చి కూర్చడం అని అర్థం. దండ కూర్చినట్టు. ఆ అర్థం తెలిశాక ఈ పద్ధతిని చూసే నా కన్ను మారింది.

అలంకారశాస్త్రంలో ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. పోల్చడానికి లోకంలో ఏదీ దొరకనప్పుడు కవి ఆ వస్తువును దానితోనే పోలుస్తాడు. గోదావరి గోదావరిలాగే ఉందంటాడు. దాన్ని అనన్వయం అంటాం. ప్రభుత్వం ఒక చట్టం తెచ్చాక దానివల్ల ఏం ఒరిగిందని అడిగితే మన వాదాలన్నీ ఈ అనన్వయంలోనే ఆగిపోతాయి. చట్టానికి ముందు రాష్ట్రం, చట్టం తర్వాత రాష్ట్రం. దాన్ని దానితోనే పోలుస్తాం. ఈలోగా వానలు మారాయి, ధరలు మారాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇన్ని మార్పుల్లో చట్టం వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? పక్క రాష్ట్రంతో పోలుద్దామంటే వాళ్ళ సంగతి వేరంటారు. నిజమే, వేరే.

ఉపమానం కోసం ఈ వెతుకులాట మా తార్నాకకు కొత్త కాదు. యూనివర్సిటీని ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ చేరింది. 1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గర్లోని 29 పల్లెల్లో ఆ సంస్థ చేసిన అధ్యయనాన్ని నేను ఒక కావ్యంగా చదువుకుంటాను. 15 ఊళ్ళలో గర్భిణులకూ పసిపిల్లలకూ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. పక్కనే ఉన్న 14 ఊళ్ళకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు పెరిగి 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని 1165 మందిని కొలిచారు. 2008లో ఆ ఫలితం అచ్చయింది. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు.

స్కేలు తీసి 14 మిల్లీమీటర్లు కొలిచాను. నా చూపుడువేలి గోరంత. ఎప్పుడో తల్లి తిన్న, తాను తిన్న ఉప్మా ఒక పిల్ల ఎత్తులో గోరంతగా నిలిచి ఉంది. గోడకు ఆనించి నిలబెట్టి కొలిస్తే ఆ పిల్ల ఎత్తు తెలుస్తుంది గానీ అందులో ఉప్మా గోరు ఏదో తెలియదు. దాన్ని మనకు చూపించినవి ఉప్మా అందని ఆ 14 ఊళ్ళు. వాటి పేదరికం, వాటి వానలు, వాటి బావులు దాదాపు అవే కాబట్టి తేడా బయటపడింది. చేసినవాళ్ళెంత ముఖ్యమో చేయనివాళ్ళూ అంతే ముఖ్యమన్న ఈ సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఊరికి పక్కూరు ఉంటుంది. రాష్ట్రానికి పక్కూరు ఎక్కడిది? ఒక్కటే కాలిఫోర్నియా, ఒక్కటే నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం చూసిన ఆంధ్రప్రదేశ్. అనన్వయం. ఇక్కడే చుక్కల గీత వాళ్ళు తమ ఉపమను కూర్చారు.

కాలిఫోర్నియా బొమ్మను 2010లో అచ్చువేసినవాళ్ళు ఆల్బర్తో అబాదీ, అలెక్సిస్ డైమండ్, యెన్స్ హైన్‌ముల్లర్. వాళ్ళ చేతిపని దగ్గరగా చూడాలి. ముందు ఎవర్ని దగ్గరికి రానివ్వకూడదో తేల్చుకున్నారు. ఆ ఏళ్ళలో తామూ పొగాకు మీద పెద్ద కార్యక్రమాలు చేపట్టిన రాష్ట్రాలను, పన్ను బాగా పెంచిన రాష్ట్రాలను పక్కన పెట్టారు. వాటికీ అదే మందు పడింది కదా, అవి అద్దంగా పనికిరావు. 38 మిగిలాయి. తర్వాత పోలిక దేంట్లో చూడాలో ఎంచుకున్నారు. తలసరి ఆదాయం, జనంలో 15 నుంచి 24 ఏళ్ళవాళ్ళ వాటా, సిగరెట్ చిల్లర ధర, మనిషి తాగే బీరు, 1975లో, 1980లో, 1988లో సిగరెట్ అమ్మకాలు. ఇవీ సమానధర్మాలు. బీరు దగ్గర నేను ఆగిపోయాను. గ్లాసు పట్టిన చెయ్యి సిగరెట్ కోసం తడుముకుంటుందని తెలిసినవాడెవడో ఆ పట్టికలో కూర్చున్నాడు. సమానధర్మం ఎంచడంలోనే కవి లోకజ్ఞానం బయటపడుతుంది.

మిగిలింది పాళ్ళు. మా పిల్ల వాటిని వెయిట్లు అంటుంది. నాకు పైసలుగా చూస్తే బోధపడింది. కూర్చిన కాలిఫోర్నియా ఒక రూపాయి అనుకుంటే అందులో యూటా 33 పైసలు, నెవాడా 23, మోంటానా 20, కొలరాడో 16, కనెక్టికట్ 7. మిగిలిన చిల్లర పైసా సవరింపులో పోయింది. తక్కిన 33 రాష్ట్రాలకూ సున్న.

యూటా, నెవాడా. ఈ రెండు పేర్లూ పక్కపక్కన చూసి ఎంతసేపు కూర్చున్నానో. యూటా మోర్మన్ల నేల. పొగాకు, మద్యం ముట్టకూడదన్న మతనియమం పాటించేవాళ్ళు అక్కడ ఎక్కువ. నెవాడా లాస్‌వేగాస్ ఉన్న చోటు, రాత్రి తెల్లవార్లూ జూదశాలలు వెలిగే రాష్ట్రం. ఒకరు ఉపవాసం, ఒకరు విందు. ఏ ఒక్కరూ కాలిఫోర్నియాలా ఉండరు. ఈ రెంటినీ, ఇంకో మూడింటినీ పాళ్ళలో కలిపితే 19 ఏళ్ళ కాలిఫోర్నియా నడక ఒంపు ఒంపుగా తయారైంది. మన పెద్దలు రసాన్ని పానకంతో పోల్చారు. బెల్లం విడిగా పానకం కాదు, మిరియం కాదు, ఏలకి కాదు, నీళ్ళు అసలే కావు. కలిశాక నాలుక మీద పుట్టేది వాటిలో దేనిదీ కాని నాలుగో ఐదో రుచి. పానకరస న్యాయాన్ని పట్టిక వేసి, పైసలతో సహా, నిరూపించిన చోటు నాకు ఇదొక్కటే కనిపించింది.

ఆ సున్నలను కూడా చూడండి. 38 మంది గుమ్మంలో నిలబడితే 33 మందికి నమస్కారం పెట్టి పంపేశారు. చేతికి దొరికిన విశేషణమల్లా పద్యంలో దిగేసే కవిని మనం మెచ్చం. క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది ఇదే. ఐదు పేర్లతో పని అయిపోయింది. ఆ ఐదు ఏవో, ఎంతెంతో ఎవరైనా చదివి వాదించవచ్చు. 'నెవాడాకు అంత వాటా ఎందుకు?' అని అడిగే హక్కు చదివేవాడికి ఉంది.

రూపాయికి రెండు కట్టుబాట్లున్నాయి. ఏ రాష్ట్రానికీ సున్న కంటే తక్కువ ఇవ్వకూడదు. అన్నీ కలిపితే రూపాయి దాటకూడదు, తగ్గకూడదు. వినడానికి చిన్న మాటలు. మామూలు రిగ్రెషన్ లెక్కకు మొదటి నియమం లేదు. వీళ్ళే తర్వాత పశ్చిమ జర్మనీకీ ఇలాంటి కూర్పు చేశారు; అక్కడ రిగ్రెషన్‌తో లెక్కకడితే గ్రీసుకూ ఇటలీకీ పోర్చుగల్‌కూ మైనస్ వాటాలు వచ్చాయని అబాదీ బృందమే పట్టిక వేసి చూపించింది. జర్మనీలోంచి కాస్త గ్రీసును తీసెయ్యాలట! పులుసులో మైనస్ అరచెంచా ఉప్పు వెయ్యమని ఏ అమ్మా చెప్పదు. ఉన్నవాటిని ఉన్నంత మేరకే కలపాలి, వాటి ఎల్లలు దాటి ఊహించకూడదు అనే ఈ నిగ్రహమే చుక్కల గీతకు ఆ నిబ్బరాన్నిచ్చింది.

ఇంకో నియమం నాకు అన్నిటికంటే ఇష్టం. పాళ్ళు కుదిర్చేటప్పుడు 1989 తర్వాతి అమ్మకాల్లో ఒక్క అంకె కూడా చూడరు. పాత నడకనే చూసి మాట ఇచ్చేస్తారు. ఆ పైన నిండు గీత ఎటు పోయినా చుక్కల గీత తన మాట మార్చుకోదు. 2000 నాటికి ఎడం ఏడాదికి మనిషికి దాదాపు 26 పెట్టెలు. బొమ్మలో ఆ తెల్లటి జాగా మీద ఏమీ రాసి ఉండదు. చెప్పదలచుకున్నదంతా అక్కడే ధ్వనిస్తుంది.

లేని మనిషికి రూపం కట్టడం మనకు తెలియని విద్యా? మనుచరిత్రలో మాయాప్రవరుడున్నాడు. ప్రవరుడు అగ్నిదేవుణ్ణి వేడుకుని అరుణాస్పదపురానికి వెళ్ళిపోయాడు. వరూధిని హిమాలయంలో మిగిలిపోయింది. ఆమె మీద ఆశపడి భంగపడ్డ గంధర్వుడు ప్రవరుడి రూపం దాల్చి వచ్చాడు. అదే నడక, అదే మాట. ఆ కూర్పులో లోపం లేదు. కానీ అతను ఒక షరతు పెట్టాడు: కలిసే వేళ కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిస్తే లోపలి గంధర్వుడు కనిపిస్తాడన్న భయం. పిల్లలకు ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా వరూధిని మూసిన కళ్ళ దగ్గర నా గొంతు తగ్గేది.

చుక్కల గీత కూడా మాయాప్రవరుడే. ఇతను మాత్రం కళ్ళు తెరిచి చూడమంటాడు. నేను ప్రవరుణ్ణి కాను, నాలో యూటా ఇంత, నెవాడా ఇంత అని ముందే చెప్పేస్తాడు. వదిలి వెళ్ళినవాడు ఉండి ఉంటే ఎలా ఉండేదో, దాని కొలత ఇదీ అని చూపించి పక్కకు తప్పుకుంటాడు. కల్పన ఇంత నిజాయితీగా ఉండగలదని నాకు అరవై దాటాక తెలిసింది.

ఇక్కడితో వాళ్ళు ఆగలేదు. మా పిల్ల రెండో కాగితం తీసింది. అందులో 39 గీతలు. ఒకటి నల్లగా, 38 బూడిదరంగులో. చట్టం రాని ఒక్కో రాష్ట్రానికీ 1988లోనే చట్టం వచ్చినట్టు అనుకుని, దానికీ ఒక మాయాప్రవరుణ్ణి కూర్చి, ఎడం ఎంతో కొలిచారు. ప్లాసిబో అంటారు, మందు లేని గోళీ అన్నమాట. నిజం చట్టం లేకుండానే అంతంత ఎడం వచ్చేటట్టయితే కాలిఫోర్నియా ఎడానికి విలువ లేదు. సంక్రాంతినాడు డాబా మీద నుంచి చూస్తే గాలిపటాల దారాలు చిక్కుచిక్కుగా కనిపిస్తాయే, అలా ఉంది ఆ బొమ్మ. పైకీ కిందికీ ఊగే ఆ బూడిద దారాల మధ్య నల్లదారం ఒక్కటే తెగి దిగిపోతోంది. చట్టానికి ముందు రెండు గీతలూ ఎంత దగ్గరగా నడిచాయో, తర్వాత ఎంత విడిపోయాయో, ఆ నిష్పత్తిని లెక్కకడితే 39లోనూ కాలిఫోర్నియాదే మొదటి స్థానం. గుడ్డిగా చెయ్యిపెట్టి తీస్తే అదే రావడానికి 39లో 1 వంతు, అంటే 0.026.

ఈ కూర్పు పుట్టిల్లు బాస్క్ దేశం, స్పెయిన్ ఉత్తరపు అంచున. 2003లో అబాదీ, హవియేర్ గార్దెయాసాబల్ కలిసి రాసిన వ్యాసంలో ఇది మొదటిసారి కనిపిస్తుంది. బాస్క్ వేర్పాటువాద సాయుధ సంస్థ ఈటీఏ హింస లేకపోయి ఉంటే బాస్క్ సంపద ఎలా పెరిగేదని వాళ్ళ ప్రశ్న. పాళ్ళు రెండే: కాటలోనియా 85 పైసలు, మాడ్రిడ్ 15. నిజం బాస్క్ ఆ కూర్పు కంటే సుమారు 10 శాతం వెనకబడింది. అబాదీ బాస్క్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు, గార్దెయాసాబల్ అక్కడే పాఠం చెప్పేవాడు. తన నేల మీద చిందిన నెత్తురు గురించి ఎవరైనా శోకగీతం రాస్తారు. వీళ్ళు జరగని కాలానికి గీత గీశారు. కరుణరసం అంకెల్లోకి దిగడం అక్కడ చూశాను.

మరి మన దగ్గర? ఒక ఆదివారం క్యాంపస్‌లో చెట్టు కింద కూర్చుని నేనూ మా పిల్లా పాత ప్రశ్నకాగితం వెనక లెక్క మొదలుపెట్టాం. సారా. అంతకంటే తగిన కథ మన రాష్ట్రంలో నాకు తోచలేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో కొత్తగా చదవడం నేర్చిన ఆడవాళ్ళు దూబగుంటలో సారాను తరిమారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఒక రాష్ట్రం, ఒక చట్టం, మొదలూ తుదీ ఉన్న కాలం. చుక్కల గీతకు ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

"నిలువు గీత ఎక్కడ గీద్దాం మామయ్యా?" అని అడిగింది. 1995 అన్నాను. "సారా 1993లోనే పోయింది కదా. నెల్లూరులో ఆడోళ్ళు చట్టం రాకముందే దుకాణాలు మూయించిన్రు." అవును. గీత ఎక్కడ గీసినా దానికి ముందే ఎవరో ఒక దూబగుంట స్త్రీ నిలబడి ఉంది. చట్టం రాకముందే చట్టం పనిచేస్తోంది.

పోలికకు పాళ్ళిచ్చే రాష్ట్రాల, అంటే దాతల, జాబితా వేశాం. గుజరాత్ పుట్టినప్పటి నుంచీ మద్యం లేని రాష్ట్రం, కొట్టేశాం. హర్యానాలో 1996 నుంచి 1998 దాకా నిషేధం ఉంది, అదీ పోయింది. కర్ణాటక, మహారాష్ట్ర, ఒరిస్సా, మధ్యప్రదేశ్, తమిళనాడు? పోలికలో దగ్గరి చుట్టాలు. కానీ ఇక్కడ మూసిన సీసా అక్కడి నుంచి సరిహద్దు దాటి వచ్చేది. మన నిషేధం వాళ్ళ అమ్మకాలను పెంచితే వాళ్ళూ మారినట్టే. దగ్గరి చుట్టాలే సాక్ష్యానికి పనికిరాకుండా పోయారు. దానికి తోడు, కిలో రెండు రూపాయల బియ్యాన్ని కూడా అదే ప్రభుత్వం తిరిగి తెచ్చింది. ఒక ఇంట్లో పిల్లలు రెండోపూట అన్నం తిన్నారంటే సారా మానినందుకా, బియ్యం చవకైనందుకా?

అసలు ఏం కొలవాలి? ఎక్సైజు రాబడి కొలవడంలో రుచి లేదు. దుకాణం మూస్తే రాబడి పోతుంది. నాకు కావాల్సినవి పొయ్యి మీది గిన్నె, బడికి వెళ్ళిన పిల్ల, దెబ్బ పడని వీపు. వాటి కోసం ఖాతాలు తిరగేశాం. ఇంటి ఖర్చుల పెద్ద జాతీయ నమూనా సర్వేలు 1993-94లో ఒకటి, 1999-2000లో ఒకటి. కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో ఒకటి, 1998-99లో ఒకటి. మధ్యలో ఉన్నవి చిన్న నమూనాల సర్వేలు. నిషేధం కాలం సరిగ్గా ఈ పెద్ద దీపస్తంభాల నడుమ చీకట్లో పడింది. భర్త చేతి దెబ్బల గురించి ఆ ఆరోగ్య సర్వే అడగడం మొదలుపెట్టిందే రెండో విడతలో. ముందు గీతే లేదు. ఎంతోకాలం కలిసి నడిచిన రెండు గీతలకే విడిపోయామని చెప్పే హక్కు ఉంటుంది. మా కాగితం మీద కలిసి నడిచిన కాలమే లేదు.

నాకు నిరాశ కలగలేదు. పెన్సిల్ పట్టుకున్న ఆ గంటన్నరలో సారా ఉద్యమం గురించి అంతకుముందెన్నడూ లేనంత దగ్గరగా ఆలోచించాను. ఎవరు ఎవరిలాంటివారు, ఎవరి మార్పు ఎవరిని తాకింది, ఎప్పటి నుంచి లెక్క మొదలు. ఈ మూడు ప్రశ్నల్లో దేన్నీ తప్పించుకోనివ్వని శాస్త్రం మనిషిని మర్యాదగా చూస్తుంది.

చీకటి పడుతుండగా లేచి ఆర్ట్స్ కాలేజీ ముందుకు నడిచాం. 1939లో తెరిచిన భవనం. దీపాల వెలుగులో ఆ గులాబీ రాతి తోరణం కింద ఎన్ని ఊరేగింపులు ఆగాయో, ఎన్ని నినాదాలు లేచాయో రెండు తరాలు చూశాయి. ఆ మెట్ల మీద కూర్చున్నవాడెవడైనా అడగక తప్పని ప్రశ్న నేనే అడిగాను. 2014 జూన్ 2 రాకపోయి ఉంటే తెలంగాణ గీత ఎలా ఉండేది?

మా పిల్ల సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. పశ్చిమ జర్మనీ. వాళ్ళది కలయిక, 1990. మనది విభజన. దిశ వేరైనా ప్రశ్న అదే. తూర్పును కలుపుకోని పశ్చిమ జర్మనీని అబాదీ బృందం 16 దేశాల్లోంచి కూర్చింది. ఆస్ట్రియా 42 పైసలు, అమెరికా 22, జపాన్ 16, స్విట్జర్లాండ్ 11, నెదర్లాండ్స్ 9. సరిగ్గా రూపాయి. 2003 దాకా చూస్తే కలయిక వల్ల పశ్చిమ జర్మన్ల తలసరి ఆదాయం ఏడాదికి సగటున 1600 డాలర్ల మేర తగ్గిందని తేలింది, 1990 నాటి స్థాయిలో దాదాపు 8 శాతం. కలయిక 1975లోనే జరిగినట్టు నటించి కూడా లెక్క వేశారు. అప్పుడు రెండు గీతలూ విడిపోలేదు. జరగని పెళ్ళికి విరహం పుట్టలేదు. ఆ బొమ్మలోని నిశ్శబ్దం నాకు విడిపోయిన బొమ్మ కంటే అందంగా తోచింది.

మెట్ల మీద కూర్చుని తెలంగాణ జాబితా వేయడం మొదలుపెట్టింది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, కేరళ, హర్యానా. 2014కు ముందు పది జిల్లాల అంకెలు విడిగా కూర్చుకోవాలని పక్కన రాసుకుంది. అన్నిటికంటే పైన, అలవాటుగా, ఆంధ్రప్రదేశ్ అని రాసి ఉంది. భాష ఒకటి, ఖజానా ఒకటి, 1956 నుంచి 2014 దాకా 58 ఏళ్ళు ఒకే గీతగా నడిచినవాళ్ళం. మనకు అంతటి పోలిక ఇంకెవరితో దొరుకుతుంది?

"వాళ్ళు పనికిరారు మామయ్యా. వాళ్ళకూ అదే రోజు కదా" అంది.

ఆ పేరు మీద పెన్సిల్‌తో గీత కొట్టింది. సన్నగా కొట్టింది, కింద పేరు చదవడానికి వీలుగా. తర్వాత చూపుడువేలితో ఒక్కొక్క పేరూ తాకుతూ మిగిలినవాళ్ళను లెక్కపెట్టసాగింది.